పెరట్లో పటింగ్ గ్రీన్: దీపావళి దాటనివ్వండి

ప్రశ్న: కొంపల్లిలో మాకు సొంత ఇల్లుంది. తూర్పు ముఖం. వెనక, పడమర వైపు, ముప్పై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు పెరడు. బ్యాంకు నుంచి రిటైరయ్యాక గోల్ఫ్ పట్టుకున్నాను. వారానికోసారి కోర్సుకి వెళ్తే పటింగ్ (బంతిని నేల మీద దొర్లించి గుంతలో వేయడం) కుదరడం లేదు. అందుకని పెరట్లోనే ఆర్టిఫిషియల్ గ్రీన్, అంటే పటింగ్‌కి ప్లాస్టిక్ గడ్డి పరిచిన జాగా, వేయించుకోవాలనుంది. న్యూజెర్సీలో ఉన్న మా అల్లుడు ‘ఫాల్‌లో వేయించండి మామయ్యా, అదే సరైన సీజన్’ అంటున్నాడు. అంటే సెప్టెంబరు, అక్టోబరు. కాంట్రాక్టరు కూడా ఇప్పుడే మొదలుపెడదాం, సిమెంటు ఫ్లోరింగ్ పోసి పైన గడ్డి అంటిస్తా అంటున్నాడు. మా బావమరిదేమో నైరుతిలో గుంటలు తవ్వొద్దంటాడు. మా ఆవిడ తులసికోట, బట్టలారేసే తీగ కదిపితే ఒప్పుకోనంటోంది. నాలుగేళ్ళ మనవరాలు రోజంతా పెరట్లోనే చెప్పుల్లేకుండా తిరుగుతుంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, కొంపల్లి

సమాధానం: మీ అల్లుడుగారు చెప్పింది న్యూజెర్సీకి అక్షరాలా నిజం. అక్కడ సెప్టెంబరు నాటికి ఎండ మెత్తబడుతుంది, జిగురు నిదానంగా, గట్టిగా పడుతుంది. చలికాలం ముదిరితే నేల గడ్డకట్టి గునపం దిగదు కాబట్టి అంతకుముందే పని తేల్చుకుంటారు. వసంతానికి గ్రీన్ ఆటకి సిద్ధం. ఆ లెక్కంతా అక్కడి నేలకీ అక్కడి చలికీ కుదిరిన లెక్క. అవే నెలలు హైదరాబాదుకి తెచ్చుకుంటే మన పెరళ్ళలో చీలమండ లోతు బురద ఉంటుంది.

నైరుతి రుతుపవనాలు మన దగ్గర్నుంచి వెళ్ళేసరికి అక్టోబరు మధ్యకొస్తుంది. అవి వెళ్ళాక కూడా బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే మళ్ళీ వానే. ఈ నగరం మరిచిపోలేని మూసీ వరద వచ్చింది 1908 సెప్టెంబరు 28న. 2020లో కాలనీలకు కాలనీలు మునిగింది అక్టోబరు 13 రాత్రి. రెండూ మీ అల్లుడుగారి ఫాల్‌లోనే. తవ్వి, కంకర పోసి, ఇంకా గట్టిపడని బేస్ మీద అలాంటి వాన ఒక్కటి పడితే చాలు, సన్న పొడంతా కొట్టుకుపోయి ప్రహరీ మూలలో చేరుతుంది. తర్వాత దాన్ని మళ్ళీ ఎత్తి పోసి చదును చేశామంటారు. లోపల ఎక్కడ వదులుగా ఉందో ఎవరికీ తెలియదు. ఆర్నెల్లకి అక్కడే బంతి పక్కకి తిరుగుతుంది.

కాబట్టి గునపం పట్టుకోవడం దీపావళి తర్వాతే. ఇందులో వాన ఒక్కటే కాదు, టపాసుల సంగతి కూడా ఉంది. గ్రీన్‌లకి వాడే గడ్డి నైలాన్‌దో, పాలీప్రొపిలీన్‌దో అయి ఉంటుంది. కాకరపువ్వొత్తి నుంచి రాలిన రవ్వ ఒక్కటి చాలు, సూది గుచ్చినట్టు నల్లటి చుక్క పడుతుంది. పక్కింటి రాకెట్టు వచ్చి పడితే అరచేతంత మేర కరిగి అతుక్కుపోతుంది. కొత్త గ్రీన్‌కి మొదటి నెలలోనే ఆ పరీక్ష పెట్టడం ఎందుకు? కూలీల లెక్క కూడా చూసుకోండి. దసరాకి పాలమూరు వాళ్ళు ఊరెళ్తారు, దీపావళి అయిన వారానికే ఛఠ్ పూజకి బిహారు వాళ్ళు రైలెక్కుతారు. సంక్రాంతికి ఊరే ఖాళీ. కార్తీక పౌర్ణమి దాటాక మొదలుపెట్టి డిసెంబరు సగానికి ముగించారంటే మేస్త్రీ మధ్యలో మాయం కాడు, పగటి ఎండ జిగురుకి సరిపోతుంది, నేలలో కాస్త తడి కూడా మిగిలి ఉంటుంది. ఆ తడి పనికొస్తుంది. ఎండిపోయిన మట్టి ఎంత దిమ్మిస కొట్టినా సరిగా కూర్చోదు, బురద అయితే జారుతుంది. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారకూడదు. నవంబరు నెలాఖరు మట్టి చాలాచోట్ల అలాగే దొరుకుతుంది.

అలాగని ఇప్పుడు చేతులు కట్టుకుని కూర్చోమనడం లేదు. అసలు పని ఈ రెండు నెలల్లోనే ఉంది, దాంట్లో చాలావరకు రూపాయి ఖర్చు లేదు. వాన పడ్డప్పుడల్లా వెనక తలుపు దగ్గర నిలబడి నీళ్ళు ఎటు నుంచి ఎటు పోతున్నాయో చూడండి. ఆగిన అరగంటకి ఎక్కడ నిలిచాయో ఫోన్‌తో ఫొటో తీసుకోండి, మర్నాడు పొద్దున అదే చోట ఇంకోటి. డాబా మీది వాన నీళ్ళ పైపు ఎక్కడ వదులుతోందో ముఖ్యంగా చూడండి. మీకు సరిపోయే ఇరవై అడుగులకి పన్నెండు అడుగుల గ్రీన్ మీద పది సెంటీమీటర్ల వాన పడితే వచ్చేవి దాదాపు 2,200 లీటర్లు. అదే వానకి పన్నెండు వందల చదరపు అడుగుల డాబా 11,000 లీటర్లు దించుతుంది. ఆ పైపు పెరట్లోకే తెరుచుకుని ఉంటే, గ్రీన్ కింద ఎంత మంచి కంకర పోసినా ఆ దెబ్బకి ఆగదు. ముందు ఆ పైపుని ఇంకుడు గుంతలోకి తిప్పించండి. ఈ పని వానలోనే చేయించొచ్చు, చేయించాలి కూడా. సరిగ్గా పనిచేస్తోందో లేదో అప్పుడే తెలుస్తుంది.

ఇంకోటి, పెరట్లో రెండు చోట్ల అడుగు లోతు గుంట తీసి నీళ్ళు నింపి వదిలేయండి. ఎర్ర చల్క నేలో మొరమో అయితే ఆ నీళ్ళు త్వరగానే దిగిపోతాయి. మర్నాటికి కూడా నిలిచి ఉంటే కింద నల్లరేగడి ఉండొచ్చు, లేదా బండ తగిలి ఉండొచ్చు. కొంపల్లి వైపు వెంచర్లలో ప్లాటుని ఎత్తు చేయడానికి ఎక్కడెక్కడి మట్టో తెచ్చి పోస్తారు కాబట్టి పక్కింటి నేలని చూసి మీ నేలని అంచనా వేయకండి. నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలిస్తుంది. అది ఉంటే నాలుగంగుళాల తవ్వకం సరిపోదు. ఎనిమిది, పది అంగుళాలు తీసేసి మొరంతో నింపి దిమ్మిస కొట్టాలి. బండ తగిలితే దాన్ని పగలగొట్టించొద్దు, అంతకన్నా గట్టి పునాది మీకు దొరకదు. దాని మీద చేరిన నీళ్ళు బయటికి పోయే దారి మాత్రం చూపించండి. సంపు, సెప్టిక్ ట్యాంకు, డ్రైనేజీ పైపుల కోసం తవ్వి పూడ్చిన చోట్లు ఎక్కడున్నాయో కూడా గుర్తు పెట్టండి. ఇల్లు కట్టి ఎన్నాళ్ళయిందో మీరు రాయలేదు. కనీసం ఒక వానాకాలం గడవని పూడ్చిన మట్టి మీద గ్రీన్ వేయించొద్దు, అది కుంగుతుంది.

ఇక సిమెంటు ఫ్లోరింగ్ సంగతి. కాంట్రాక్టర్లు ఎందుకు అలా అంటారో అర్థమవుతుంది. రెండు రోజుల పని, వాళ్ళ మేస్త్రీకి తెలిసిన పని, చూడ్డానికి నున్నగా ఉంటుంది. నా సలహా మాత్రం వద్దనే. సిమెంటు మీద పడ్డ బంతి గోలీలా ఎగురుతుంది. పటింగ్ ఒక్కటే అయితే సర్దుకోవచ్చు గానీ, నాలుగు రోజులకి మీకు చిప్పింగ్ (బంతిని కాస్త గాల్లోకి లేపి గ్రీన్ మీద పడేలా కొట్టడం) మీద మనసు పోతుంది, చూడండి. పోసిన వాలు నచ్చకపోతే మార్చుకోవడానికి ఉండదు. కప్పు, అంటే బంతి పడే గుంత, ఒకచోట నుంచి ఇంకోచోటికి జరపాలంటే కోర్ కటింగ్ మిషన్ తేవాలి. నీళ్ళు కిందికి దిగవు కాబట్టి ఎక్కడ పావంగుళం పల్లం ఉన్నా గడ్డి అడుగున నిలిచి వాసన పట్టేస్తుంది. మీ ఆరువందల చదరపు అడుగుల నేల మీద పడే వాన భూమిలోకి వెళ్ళకుండా కాలువలోకి పోతుంది, ఆ తర్వాత మీరే మే నెలలో బోరు ఎండిందని వాటర్ ట్యాంకర్‌కి ఫోన్ చేస్తారు. ఇప్పటికే షాబాద్ బండలు పరిచిన పెరళ్ళున్నవాళ్ళు కూడా వాటి మీదే గడ్డి పరిచేస్తుంటారు. మూడు నెలలకి బండల సందులన్నీ పైకి గీతల్లా కనిపిస్తాయి. బండలు తీసేయాల్సిందే.

తవ్వి కంకర బేస్ వేయించండి. మామూలు నేలలో నాలుగంగుళాలు చాలు. అడుగున జియోటెక్స్‌టైల్ బట్ట (నీళ్ళు దిగనిచ్చి మట్టిని ఆపేది) పరవాలి, లేకపోతే రెండు వానాకాలాలకి మట్టి, కంకర కలిసిపోతాయి. దాని మీద మూడంగుళాలు ఇరవై ఎంఎం నుంచి చిన్న సైజుల దాకా కలిసిన కంకర, ఆపైన అంగుళం మందం ఆరు ఎంఎం చిప్స్, క్రషర్ డస్ట్ (రాతి పొడి) కలిపింది. డస్ట్ ఒక్కటే పోస్తామంటే ఒప్పుకోకండి, తడిసి బిగుసుకుని నీళ్ళు దిగనివ్వదు. ఇరవైకి పన్నెండు అడుగుల గ్రీన్‌కి మొత్తం మీద నాలుగైదు టన్నుల మాల్ పడుతుంది. అంతకు బాగా తక్కువ దింపితే మందం తగ్గించారని అర్థం. ఒకేసారి పోసి పైపైన కొట్టడం కాదు, రెండు పొరలుగా పోసి, ఒక్కో పొరనీ నీళ్ళు చల్లుతూ ప్లేట్ కాంపాక్టర్ (అదిమే మిషన్) నడిపించాలి. నీళ్ళు దిగని నేల అయితే అడుగున రంధ్రాల పీవీసీ పైపు ఒకటి వేసి అదే ఇంకుడు గుంతలోకి కలపండి. గుంత మాత్రం ఇంటి పునాదికి దూరంగా ఉండాలి.

వాలు గురించి చాలామంది పొరపడతారు. టీవీలో చూసిన గ్రీన్‌లలాగా గుట్టలూ లోయలూ కావాలంటారు. ఇంత చిన్న జాగాలో అవి బొమ్మలాట అవుతాయి. మొత్తం గ్రీన్ ఒకవైపుకి పదడుగులకి రెండున్నర అంగుళాలు వాలితే నీళ్ళకీ, ఆటకీ రెండిటికీ సరిపోతుంది. మధ్యలో ఒక మెత్తటి ఎత్తు, అంతే. కప్పు చుట్టూ రెండడుగుల మేర అంతకన్నా ఎక్కువ వాలు లేకుండా చూడండి, లేకపోతే పై నుంచి కొట్టిన బంతి కప్పు దగ్గర ఆగనే ఆగదు. మేస్త్రీ కంటి అంచనాకి వదలకండి. లెవెల్ పైపుతో కొలిపించి, పదడుగుల అల్యూమినియం బద్ద పెట్టి అడుగడుగునా చూడాలి. గడ్డి పరిచే ముందు రోజు మీరే ఒక బకెట్ నీళ్ళు పోసి నడక చూడండి. తర్వాత ఆ గట్టి డస్ట్ మీద బంతి దొర్లించండి. అక్కడ గెంతిన బంతి గడ్డి మీదా గెంతుతుంది. ఆ రోజు ఎంత సతాయించినా కాంట్రాక్టరు సరిచేస్తాడు, గడ్డి పడ్డాక ఎవడూ ఎత్తడు.

కప్పు కొలత ఎక్కడైనా ఒకటే, 4.25 అంగుళాల వ్యాసం, కనీసం 4 అంగుళాల లోతు. మీ గ్రీన్‌కి రెండు కప్పులు, మహా అయితే మూడు. అంచుకి కనీసం రెండడుగుల లోపలికి ఉండాలి. ఒక్కో కప్పు అడుగున రంధ్రం ఉండి, దాని కింద కంకర ఉండాలి. ఇది మరిచిపోయారంటే వానాకాలంలో మీ గ్రీన్ మీద దోమల్ని పెంచినట్టే, డెంగీ దోమకి ఆ మాత్రం నిలవ నీళ్ళు చాలు. బావమరిదిగారికి కూడా ఈ కొలతే చెప్పండి. నేను వాస్తు పండితుణ్ణి కాను. నాలుగంగుళాల కప్పుని ఆయన గుంటల లెక్కలోకి తీసుకుంటారనుకోను. ఇంకా పట్టుబడితే కప్పులు వాయవ్యం వైపు పెట్టించండి, మొత్తం వాలు ఉత్తరానికి ఇప్పించండి. ఆటకి ఏ తేడా రాదు, ఇంట్లో శాంతి.

గడ్డి దగ్గరికొద్దాం. షాపులో చేత్తో నిమిరితే మెత్తగా ఉండే ముప్పై, నలభై ఎంఎం గడ్డి లాన్‌కి, పిల్లల ఆటకి. దాని మీద పట్ కొడితే బంతి మూడడుగుల్లో ఆగిపోతుంది. మీకు కావాల్సింది పది నుంచి పదిహేను ఎంఎం పొట్టిది, ఒత్తుగా ఉన్నది. నైలాన్‌ది ఖరీదెక్కువ, కానీ అడుగుల కింద పడుకోకుండా నిలబడుతుంది. పాలీప్రొపిలీన్‌ది చవక, దాంట్లో సిలికా ఇసుక నింపాలి, చదరపు అడుగుకి దరిదాపు కిలో. ఆ ఇసుక గూడూరు వైపు నుంచి వచ్చేలాంటి కడిగిన తెల్ల ఇసుక అయి ఉండాలి. ఇంటి పనికి మిగిలిన రోబో శాండ్ ఉంది కదా అని చల్లిస్తే దాంట్లోని పొడి అంతా వానకి బంకలా అవుతుంది. ఇంట్లోనే కాబట్టి మీరు రోజూ ఆడతారు, జాగా చిన్నది, కాబట్టి నా ఓటు నైలాన్‌కే.

షాపతను మూరెడు ముక్క చూపించి ‘టోర్నమెంట్ స్పీడు’ అంటాడు. గ్రీన్ వేగం కొలవడానికి స్టింప్‌మీటర్ అని ఒక అల్యూమినియం బద్ద ఉంది. 1935లో ఓక్‌మాంట్‌లో జరిగిన యూఎస్ ఓపెన్‌లో బంతులు గ్రీన్ మీద ఆగకుండా జారిపోవడం చూసి ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఆటగాడు దీని మొదటి రూపాన్ని చెక్కతో తయారుచేశాడు. ఆ బద్ద మీంచి వదిలిన బంతి చదును మీద ఎన్ని అడుగులు పోతే అంత వేగం. పెద్ద పోటీల్లో పదకొండు, పన్నెండు దాటుతుంది. మీకది అనవసరం. గోల్కొండ నయా ఖిల్లా కోర్సులో ఆడినా, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లో ఆడినా అక్కడి గ్రీన్‌కి దగ్గరగా ఉండాలి, ఇంట్లో ఒక వేగం, అక్కడ ఒక వేగం అయితే చెయ్యి చెడుతుంది. తొమ్మిది, పది చాలు. కొనే ముందు షాపులో కనీసం పన్నెండడుగుల పొడవు పరిపించి, మీ పటర్ (పట్ కొట్టే కర్ర), మీ బంతి తీసుకెళ్ళి రెండు దిక్కులా కొట్టి చూడండి. పోగుల వాలు వెంట కొట్టిన బంతి ఎక్కువ పోతుంది, ఎదురు కొడితే తక్కువ. ఆ తేడా మరీ ఎక్కువుంటే ఆ గడ్డి వదిలేయండి.

రోల్ వెడల్పు ఎంతో ముందే అడగండి. రెండు మీటర్లదైతే పన్నెండడుగుల వెడల్పుకి అతుకు తప్పదు. రెండు ముక్కల పోగులూ ఒకే దిక్కుకి ఉండాలి, అతుకు కప్పు మీదుగా పోకూడదు. మెత్తటి ఆకారం కావాలని వంపులు ఎక్కువ పెట్టిస్తే కోతలో పోయే గడ్డికి కూడా మీరే డబ్బిస్తారు. రోల్ విప్పాక రెండు గంటలైనా ఎండలో అలా వదిలేస్తే ముడతలు సర్దుకుంటాయి, ఆ తర్వాతే కోయాలి. డిసెంబరు పొద్దున్నే మంచు పట్టిన బేస్ మీద జిగురు పూయనివ్వకండి, తొమ్మిదో పదో దాటి బాగా ఆరాక మొదలుపెట్టాలి. అంచుకి సిమెంటు కట్ట కాస్త లోతుగా పోయించండి. మన దగ్గర పందికొక్కులు కాలువ వైపు నుంచి దారి చేసుకుంటే మీ కంకర కిందే కాపురం పెడతాయి.

మనవరాలి విషయం తేలిగ్గా తీసుకోకండి. మీ పెరడు పడమర వైపు, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా నేరుగా ఎండ. ఏప్రిల్, మే నెలల్లో గాలి వేడి నలభై రెండు డిగ్రీలుంటే ప్లాస్టిక్ గడ్డి అరవై దాటుతుంది. పసిపాదం కాలిపోతుంది. నీళ్ళు చల్లితే కాసేపు చల్లబడి మళ్ళీ మామూలే. పిల్లకి ఆ వేళ గ్రీన్ మీదికి వెళ్ళకూడదన్న నియమం పెట్టాలి, మీ ఆట కూడా పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఆరు తర్వాత. ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. వెనక గోడకి రిఫ్లెక్టివ్ గ్లాసు కిటికీలో, స్లైడింగ్ తలుపులో ఉంటే వాటి మీంచి తిరిగి కొట్టే ఎండ ఒకేచోట పడి గడ్డిని కరిగించేస్తుంది. ఈ నెలలోనే ఎండ కాసిన ఒక మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకి పెరట్లోకి వెళ్ళి నేల మీద వెలుగు పట్టీ పడుతోందేమో చూడండి. పడితే అద్దానికి బయట వైపు షేడ్ నెట్ కట్టాలి, లేదా గ్రీన్‌ని అక్కడ్నుంచి జరపాలి.

అందుకే పెరడంతా కప్పేయొద్దంటున్నాను. ఆరువందల చదరపు అడుగుల్లో రెండువందల నలభై చాలు. పెద్ద ప్రొఫెషనల్ ఆటగాళ్ళు కూడా ఎనిమిదడుగుల పట్‌లు రెంటికొకటి తప్పుతారు. మీరు సాధన చేయాల్సింది ఆ లోపు దూరాలే, వాటికి ముప్పై అడుగుల గ్రీన్ అక్కర్లేదు. మిగతాది మట్టిగానే వదిలేయండి. తులసికోట కదపాల్సిన పనిలేదు. తీగ కూడా ఉన్నచోటే ఉండొచ్చు, కాకపోతే బట్టల నీళ్ళు గ్రీన్ మీద కారకుండా కొలత చూసుకుని గీత గీయండి. ఆ గీతేదో మీ ఆవిడ చేతే గీయించడం మంచిది. మనవరాలికి ఆడుకోను మట్టి ఉంటుంది. ఈ ప్లాస్టిక్ పదేళ్ళకో పన్నెండేళ్ళకో పాతబడితే దాన్ని ఎక్కడ పారేయాలన్నది కూడా చిన్న తలనొప్పి కాదు, తక్కువ వేసుకుంటే ఆ భారమూ తక్కువే.

కొటేషన్ అడిగేటప్పుడు చదరపు అడుగుకి ఇంత అని ఒకే ముక్క రాయించుకోకండి. తవ్వకం, మట్టి ఎత్తివేత, కంకర, కాంపాక్షన్, గడ్డి, జిగురు, ఇసుక, కప్పులు దేనికి దానికి విడిగా రాసివ్వమనండి. గడ్డి రేటు తగ్గించి చూపించి బేస్‌లో కోసేసే వాళ్ళు అక్కడే దొరికిపోతారు. మొదటి వానాకాలంలో ఎక్కడైనా కుంగితే ఉచితంగా సరిచేస్తామని కూడా అందులోనే రాయించుకోండి. చివరి పది శాతం డబ్బు జులై దాకా ఆపుకోగలిగితే ఇంకా నయం. ఒప్పుకోవడం కష్టమే, అడగడంలో తప్పులేదు.

వేసిన తర్వాత పెద్ద చాకిరీ ఏమీ ఉండదు. వారానికోసారి గట్టి బ్రష్‌తో పోగులకి ఎదురుగా ఊడవాలి. చుట్టుపక్కల వేపచెట్టు ఉంటే ఫిబ్రవరి, మార్చిల్లో ఆకు, ఆ వెనకే పూత రాలుతుంది. అప్పుడు మాత్రం రోజూ ఊడ్చుకోవాలి, తడిసి కుళ్ళితే పోగుల మధ్య నాచు పడుతుంది. కోసిన గడ్డి ముక్కల్లో పెద్దవి రెండు మూడు అడిగి తీసుకుని మేడ మీద నీడలో దాచండి. వచ్చే దీపావళికి ఎవరి రాకెట్టయినా వచ్చి పడితే అతుకు వేయడానికి అదే రోల్‌లోని ముక్క కావాలి, బజార్లో అదే రంగు మళ్ళీ దొరకదు.